విప్పుటయు, కూర్చుటయు – ఒక జపాను యంత్రము కథ

యంత్రముల చరిత్ర యనఁగానే వానిని కనిపెట్టినవారి పేళ్లను, కర్మాగారముల వైభవమును చెప్పుట లోకాచారము. కాని యంత్రము పుట్టిన పిమ్మట దానిని బ్రతికించువా రెవ్వరు? కర్మాగారమువారు దానిని చేయుట మానిన తరువాత, అమ్మినవాఁడు అంగడి కట్టివేసిన తరువాత, ఆ యంత్రపు విద్య యెవరి చేతిలో నిలుచును? ఈ ప్రశ్నకు జపాను దేశమున హిరోషిమా పట్టణమునఁ బుట్టిన యొక మోటారుబండి చరిత్ర చక్కని సమాధాన మిచ్చుచున్నది. ఆ బండి పేరు మాజ్దా ఆర్.ఎక్స్. 7. అది 1978వ సంవత్సరమున వెలువడి, వేగమునకుఁ బేరు గాంచినది. నేఁటికిని పలు దేశములలో గృహస్థులు పాతఁబడిన యా బండ్లను కొని, తమ యింటి కొట్టములలో విప్పి, కడిగి, అరిగిన భాగములను మార్చి, తిరిగి కూర్చి నడిపించుచున్నారు. అట్లు చేసిన యొక తండ్రీకూఁతుళ్ల కథ నాకుఁ దెలిసినది గలదు. దానిని చెప్పుటకు ముందు బండియొక్క వంశచరిత్రమును కొంత మనవి చేసెదను.

మాజ్దా సంస్థ తొలుత మోటారు సంస్థ కాదు. 1920వ సంవత్సరమున సీసా బిరడాలకు వాడు బెండుతో వస్తువులు చేయుటకై హిరోషిమాలో స్థాపింపఁబడినది. మఱుసటి యేఁట దాని పెత్తనము మత్సుదా జూజిరో యనువానికి వచ్చెను. ఆయన జాలరి యింటఁ బుట్టి, బాల్యమున కమ్మరి కొలిమిలో పని నేర్చినవాఁడు. బెండును విడిచి యినుము పట్టెను. 1931లో ఆ సంస్థ మూఁడు చక్రముల సరకు బండ్లను చేయ నారంభించి వానికి మాజ్దా యని పేరిడినది. ఆ పేరు యజమాని యింటిపేరునకు దగ్గఱగా నుండుటయే గాక, ప్రాచీన పారసీకుల దేవతయైన అహుర మజ్దా నామమునుగూడ స్ఫురింపఁజేయును. మన వైదిక భాషయందలి మేధా శబ్దమును, అవెస్తా భాషయందలి మజ్దా శబ్దమును ఒక్క తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఆ బండి పేరు మనకు బొత్తిగాఁ బరాయిది కాదు.

1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీని హిరోషిమా పట్టణముపై అణుబాంబు పడెను. పట్టణము భస్మమయ్యెను. పట్టణపు మధ్యభాగమునకును మాజ్దా కర్మాగారమునకును నడుమ హిజియామా యను చిన్న కొండ యుండుటచేతను, దూరమున నుండుటచేతను ఆ కర్మాగారము చాలవఱకు నిలిచినది. నిలువ నీడ లేని ప్రభుత్వోద్యోగులు కొంతకాలము ఆ కర్మాగారపు గదులలోనే కొలువు నడపిరి. అదే సంవత్సరము డిసెంబరు నెలలో మూఁడు చక్రముల బండ్లు తిరిగి తయారగుట మొదలయ్యెను.

1946లో యమమోతో కెనిచి యను యువకుఁడు ఆ కర్మాగారమునఁ బనికి కుదిరెను. ఆయన టోక్యో విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివినవాఁడు. అయినను దొరకిన పని సరకు బండ్ల పళ్లచక్రముల పెట్టెలను చేతితోఁ గూర్చుట. చదివిన చదువునకు అది తక్కువ పనియని యాయన చిన్నఁబోలేదు. కూర్చుచునే యంత్రమును దెలిసికొనెను. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మున్ముందు మన కథ కంతటికి నిదియే మూలము.

ఇఁక నాయన చేతిలోఁ బడిన క్రొత్త యంత్రమును గూర్చి చెప్పవలెను. మోటారుబండ్లలో సాధారణముగా నుండు ఇంజను మన రోలు రోకలి వంటిది. లోపల రోకలివలె నొక దిమ్మ పైకి క్రిందికి నాడును. ఆ పోటును చక్రభ్రమణముగా మార్చుటకు ఎన్నియో కడ్డీలు, మూతలు, మీటలు కావలెను. జర్మనీ దేశస్థుఁడు ఫెలిక్స్ వాంకెల్ అనునాతఁడు రోకటికి బదులు తిరుగలిని తలఁచెను. నడుము నొక్కిన కోడిగ్రుడ్డు ఆకారముగల గూటిలో, ఉబ్బిన ప్రక్కలుగల త్రికోణపు దిమ్మ తిరుగును. ఆ త్రికోణపు మూఁడు కొనలును గూటిగోడను ఎడతెగక రాచుకొనుచుండును. అందువలన దిమ్మకును గోడకును నడుమ మూఁడు గదు లేర్పడును. దిమ్మ తిరిగినకొలఁది ఒక్కొక్క గది పెద్దదియుఁ జిన్నదియు నగుచు, గాలిని పెట్రోలు ఆవిరిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలించుట యను నాలుగు పనులను వరుసగా నెఱవేర్చును. త్రికోణ మొక్క చుట్టు తిరుగునప్పటికి నడిమి యిరుసు మూఁడు చుట్లు తిరుగును. మూతలు లేవు, పోటు లేదు, అదరు మిక్కిలి తక్కువ. జర్మనీలో ఎన్.ఎస్.యు. యను సంస్థ 1957లో ఇట్టి యింజనును మొదటిసారి నడిపి చూపెను.

అప్పటికి జపాను ప్రభుత్వము దేశమందలి మోటారు సంస్థలను కొలఁది కూటములుగాఁ గలుపవలెనను తలంపుతో నుండెను. చిన్న సంస్థలు పెద్దవాని కడుపులోఁ జేరిపోవునను భయము కలిగెను. ఇతరుల కెవ్వరికి లేని విద్య యొకటి తమకున్నఁగాని తమ యునికి దక్కదని జూజిరో కుమారుఁడు మత్సుదా త్సునేజి తలపోసి, తానే జర్మనీకిఁ బోయి 1960లో ఆ సంస్థతో నొడంబడిక చేసికొని వచ్చెను. 1963లో ఆ యింజను పరిశోధనకై యొక ప్రత్యేక శాఖ నేర్పఱచి యమమోతోను దానికి నాయకునిగాఁ జేసిరి. ఆయనతోఁ గలిపి 47 మంది. తమ ప్రభువు పగ తీర్చి ప్రాణములర్పించిన 47 మంది వీరభటుల కథ జపానువారికి మన పల్నాటి వీరుల కథవంటిది. ఆ సంఖ్యనుబట్టి ఈ శాస్త్రజ్ఞులకును ఆ వీరుల పేరే వచ్చినది.

వారి కెదురైన శత్రువు మిక్కిలి చిన్నది. త్రికోణపు కొనలయందు గోడను రాచుకొనుటకై సన్నని పట్టీలు అమర్పఁబడియుండును. వీనిని కొనపట్టీలందము. ఇంజను కొంతసేపు తిరుగఁగానే ఆ పట్టీలు జలదరించి నున్నని గోడమీఁద దువ్వెన పండ్లవలె గీతలు గీయుచుండెను. గీతలు పడినచో గదినుండి గదికి వాయువు జాఱి శక్తి నశించును. ఆ గీతలకు జపానువారు దయ్యపు గోళ్ల గీతలని పేరు పెట్టిరి. పశువుల యెముకతోను, పలు లోహములతోను పట్టీలు చేసి చూచిరి. పట్టీలో అడ్డముగాను నిలువుగాను రంధ్రములు చేసి దాని జలదరింపును మార్చి చూచిరి. తుదకు బొగ్గుపొడి దిమ్మలో అల్యూమినియమును ఇంకించి చేసిన పట్టీ నిలిచినది. 1967వ సంవత్సరము మే నెలలో రెండు త్రికోణముల యింజనుతో కాస్మో స్పోర్ట్ అను బండి విపణిలోనికి వచ్చెను. ఆ బండ్లు రమారమి చేతిపనిగానే తయారై, మొత్తము 1,200కు లోపుగానే ముగిసినవి.

కష్టములు తీఱలేదు. 1973లో పెట్రోలు కరవు వచ్చినప్పుడు, ఈ యింజను ఎక్కువ నూనె త్రాగునను నింద పడి బండ్ల యమ్మకము కూలిపోయెను. కర్మాగారపు పనివారినిఁ గూడ బండ్లమ్ముటకై దేశము మీఁదికిఁ బంపవలసివచ్చెను. పలువురు ఈ యింజనును విడిచిపెట్టుఁడని చెప్పిరి. యమమోతో బృందము విడువక దానిని సవరించి 1978లో ఆర్.ఎక్స్. 7ను వెలువరించెను. బరువు తక్కువ, పొట్టియైన ముందుభాగము, వంపులకు వెఱవని నడక, సామాన్య గృహస్థునకుఁ గూడ నందగల వెల. 1985 వఱకు సాగిన దాని మొదటి తరములోనే 4,70,000లకు పైఁగా బండ్లు తయారైనవి. వానిలో హెచ్చుభాగము అమెరికాకుఁ బోయినవి. 1991లో ఫ్రాన్సు దేశమందలి లెమాన్ పట్టణమున జరుగు 24 గంటల పందెమున నాలుగు త్రికోణముల మాజ్దా బండి 362 చుట్లు తిరిగి గెలిచినది. ఆ పందెమును గెలిచిన మొదటి జపాను సంస్థ యదియే. ఆర్.ఎక్స్. 7ను చేయుట 2002లో ముగిసినది. దాని తరువాతి బండియు 2012లో నిలిచినది. 2023లో విద్యుత్తు పుట్టించు సహాయపు టింజనుగా త్రికోణము మరల నొక బండిలోఁ గనఁబడినది. యమమోతో కెనిచి ఆ సంస్థకు అధ్యక్షుఁడై, వృద్ధుఁడై, 2017లో దివంగతుఁడయ్యెను.

చరిత్ర యిక్కడితో ముగిసినట్లు తోఁచును. నిజమునకు అసలు కథ యిచ్చటనే మొదలగుచున్నది. త్రికోణపు టింజను ఎంత చక్కఁగా నడిచినను దాని పట్టీలు అరుగును. అరిగినప్పుడు మొత్తము విప్పవలసినదే. రోకటి యింజనుకంటె దీని భాగములు చాలఁ దక్కువ. రెండు త్రికోణములు, రెండు గూళ్లు, వానిని మూయు మూఁడు పలకలు. ఈ యైదు పొరలను ఒకదానిపై నొకటి పేర్చి పొడవైన బోల్టులతో బిగింతురు. ఇద్దఱు మనుష్యులు బల్లమీఁద విప్పి కూర్చుకొనఁదగినంత చిన్న యింజను. అయితే పట్టీలు, వాని క్రింది స్ప్రింగులు, మూలల గుండీలు మిక్కిలి సన్ననివి. ఏది యేచోట నుండి తీసితిమో అది ఆచోటనే చేరవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను ఇంజను లేవదు.

నా పూర్వశిష్యుఁ డొకఁడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాఁడు. లెక్కలు వ్రాయు నుద్యోగము. యంత్రములతో సంబంధము లేనివాఁడు. 1984వ సంవత్సరపు ఆర్.ఎక్స్. 7ను, పదియేండ్లుగా నడువక తుప్పుపట్టినదానిని, చవుకగాఁ గొని యింటికి లాగించుకొని వచ్చెను. అతనికిఁ బదునొకండేండ్ల కూఁతురు. తండ్రి పుస్తకము చేతఁబట్టుకొని బండిక్రింద దూఱఁగా నా పిల్ల దీపము పట్టుకొనెను. కొలఁది వారములకు పుస్తకము పిల్ల చేతికిని, దీపము తండ్రి చేతికిని మాఱెను. ఆ పని రెండు శీతకాలములు సాగినది. అప్పుడప్పు డతఁడు నాకు వ్రాసిన లేఖలవలనఁ దెలిసిన విషయమే చెప్పుచున్నాను.

మొదటి నెల అంతయు విప్పుటతోనే సరిపోయెను. ప్రతి బోల్టును ఒక సంచిలో వేసి చీటీ కట్టుట పిల్ల పని. ప్రతి భాగమును తీయుటకు ముందు దాని చిత్రమును నోటుపుస్తకములో వ్రాసికొనుటయు దాని పనియే. గూటిగోడను కిరసనాయిలుతోఁ దుడిచినప్పుడు సన్నని గీతలు మెఱసినవి. తండ్రి యాగి, హిరోషిమాలో 47 మంది యేండ్లతరబడి పోరాడినది ఈ గీతలతోనే యని చెప్పెను. పిల్ల గోరుతో గోడను నిమిరి చూచెను. గోటికిఁ దగులని గీతయైనచో వాడవచ్చును, తగిలినచో పాఱవేయవలెనని యతఁడు నేర్చుకొన్న లక్షణము. రెండు గూళ్లలో నొకటి తగిలెను. దానికి బదులు మఱియొకటి వెదకి తెచ్చిరి. పుస్తకములోఁ జదివిన చరిత్ర పిల్ల గోటికిఁ దగిలిన చరిత్రయైనది.

ఊరిలోనున్న ఆ శిష్యుని తల్లికి ఈ వర్తమానము నచ్చలేదు. "ఏమిరా, ఆడపిల్ల చేతులకు చమురు పూయుచున్నావఁట! సంగీతమో సాహిత్యమో చెప్పించరాదా?" యని టెలిఫోనులో మందలించినది. ఆమె మాట తీసివేయఁదగినది కాదు. బిడ్డకు ఏది విద్య, ఏది వృథాశ్రమ యను ప్రశ్న ప్రతి యింటను పెద్దలు అడుగవలసిన ప్రశ్నయే. మనలోఁ బలువురు ఆ ప్రశ్న నట్లే అడుగుదురు. దానికి సమాధానము రెండవ శీతకాలమున దొరకినది.

ఇంజనును కూర్చి ముగించిరి. కొనపట్టీలు జాఱకుండ వానికి మైనమువంటి తెల్లని లేపనము పూసి, పిల్ల తన సన్నని వ్రేళ్లతో నొక్కొక్కదానిని గాడిలో నమర్చినది. బండిలో నెక్కించుటకు ముందు పరీక్ష చేసిరి. మంటపుట్టించు ప్లగ్గులను తీసివేసి, స్టార్టరు మోటారుతో నింజనును త్రిప్పినచో, త్రికోణపు మూఁడు ముఖములును ఒకదానివెంట నొకటి గాలిని వెడలఁగొట్టును. మూఁడు ఊఁపులును సమబలముతో వినఁబడవలెను. ముందరి త్రికోణము మూఁడు సమాన స్వరములు పలికెను. వెనుకటిది పలుకలేదు. ఒక ఊఁపు గట్టిగాను, రెండు నీరసముగాను వినఁబడినవి.

తండ్రి నిరాశపడి, అంతయు చెడినదేమో, నిపుణునకుఁ బంపుదమనెను. పిల్ల కాగితముపై త్రికోణము గీచికొని కొంతసేపు చూచినది. "నాన్నా, ప్రక్కపట్టీ చెడితే ఒక్క గదియే కదా నీరసించును? ఇక్కడ రెండు గదులు నీరసించినవి. రెండు గదులకు నడుమ గోడ ఒక్కటే. ఆ గోడయే చెడినది. మూఁడు కొనలలో ఆ రెంటి నడిమి కొనను చూతము" అనినది. విప్పి చూచిరి. ఆ కొనపట్టీ చివర నుండవలసిన చిన్న త్రికోణపు ముక్క తన చోటు తప్పి జాఱియుండెను. తక్కిన వన్నియు సరిగానే యున్నవి. దానిని సవరించి, పొరలను మరల పేర్చి, బోల్టులను గ్రంథములో చెప్పిన వరుస తప్పక కొంచెము కొంచెముగా బిగించిరి. ఈసారి రెండు త్రికోణములును మూఁడేసి సమస్వరములు పలికినవి. మఱుసటి వసంతమున బండి తన కాళ్లమీఁద వీధిలోనికి నడిచినది.

శ్రోతలారా, పొగను చూచి నిప్పును ఊహించుట అనుమానప్రమాణమని తర్కశాస్త్రము. ఫలమును చూచి కారణమును, రెండింటికి సాధారణమైనదానిని చూచి దోషస్థానమును నిశ్చయించుట తర్కపాఠమున ఎన్నియో దినములు చెప్పినఁగాని విద్యార్థులకుఁ బట్టువడని విషయము. అది ఆ బాలికకు చమురుచేతులతోఁ బట్టువడినది. మన పండితులు పద్యమును బోధించు మార్గమేది? పదచ్ఛేదము చేయుదురు, ప్రతి పదమునకు అర్థము చెప్పుదురు, పిమ్మట అన్వయము కూర్చి తాత్పర్యము చెప్పుదురు. వేదమును సంహితగా వల్లించువారే పదములుగా విడదీసి, క్రమముగా జతపఱచి మరల వల్లింతురు. విడదీసి కూర్చుటచేతనే అక్షరము పోకుండ అది తరతరములుగా నిలిచినది. విప్పనిది తెలియదు, కూర్చనిది దక్కదు. ఈ న్యాయము గ్రంథమునకును, యంత్రమునకును సమానమే.

ఈ రహస్యము జపానువారికిఁ గ్రొత్త కాదు. ఇసే యను పుణ్యక్షేత్రమునందలి దేవాలయమును వారు 20 ఏండ్ల కొకసారి ప్రక్కస్థలమున సరిగా నట్లే క్రొత్తగాఁ గట్టుదురు. ఏడవ శతాబ్దిలో మొదలైన యీ యాచారము, నడుమ యుద్ధకాలములలో ఆఁగినను, నేఁటికిని చెల్లుచున్నది. 2013లో జరిగినది 62వది. కొయ్య శాశ్వతము కాదు. వడ్రంగి చేతి విద్యయే శాశ్వతము కావలెను. ఇరువదియేండ్ల కొకసారి పెద్ద వడ్రంగి చిన్న వడ్రంగికి చూపుచు కట్టినచో, ఒక జీవితకాలములో నేర్చుకొనుటయు, నేర్పుటయు రెండును జరుగును. మాజ్దా సంస్థయు తన పాత బండ్లకు కావలసిన కొన్ని విడిభాగములను మరల చేయించి యమ్ముచున్నది. కాని భాగములుండి, కూర్చు చేయి లేనిచో ఫలమేమి? అర్థము తెలిసిన పాఠకుఁడు లేని గ్రంథమును చెదలు చదువును.

ఆ బాలిక నాయనమ్మ మాట చెప్పి ముగించెదను. బండి కదలిన తరువాత మనుమరాలు టెలిఫోనులో నాయనమ్మకు ఇంజను సంగతి విడమఱచి చెప్పినదఁట. లోపల రాచుకొనునది అరుగుననియు, అరిగినప్పుడు విప్పి బాగుచేయవలసినదే యనియు చెప్పఁగా నామె కొంతసేపూరకుండి, "అంతే కదే తల్లీ! మా తిరుగలికిని గంట్లు అరిగిపోతే మేమును విప్పి, గంట్లు కొట్టించి, మరల కూర్చుకొనువారము. నడిమి కొయ్యమేకు వదులైతే పిండి బరకగా పడును. మా యమ్మ నాకు చూపినది" అనెనఁట. తరువాత నా నాయనమ్మ మనుమరాలికి తిరుగలి కూర్చు విధమంతయు ఆ పూటయే చెప్పినది. పిల్ల దానినిఁగూడ తన నోటుపుస్తకములో బొమ్మ గీచి వ్రాసికొనినది.

మీ యిండ్లలో మగ్గములున్నవి, గానుగలున్నవి, నీటిమోటారులున్నవి. వాని మర్మము తెలిసిన చేతులు వృద్ధములగుచున్నవి. ప్రక్కన దీపము పట్టుకొని నిలుచున్న బిడ్డ కొడుకో కూఁతురో యని చూడక, ఒకనాఁడు ఆ దీపమును మీరు పుచ్చుకొని పనిముట్టును బిడ్డ చేతికిండు.